అగ్రిమెంటు రాసిచ్చి రిజిస్ట్రేషన్ చేయకపోతే

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీ నిధి అప్పు ఎంత, కంతులు ఎంత కట్టినాం అనే చెప్పుకుంటాం. అవి రిపోర్టులో ముందు పేజీల్లోనే ఉన్నాయి, చూసుకోండి. ఈసారి మేము మాట్లాడతామన్నది వేరే సంగతి. మన సంఘాల్లో అప్పు తీసుకునేటప్పుడు కారణం ఏమని రాస్తాం? ఆవు, అంగడి, పట్టుపురుగుల షెడ్డు, పిల్లల చదువు. ఈ ఐదారేళ్ళలో ఇంకోటి ఎక్కువైంది. ఇంటిజాగా, భూమి. కుప్పం చుట్టూ భూమి రేటు ఎట్ల పెరుగుతా ఉందో మీకు మేము చెప్పాలా? బెంగళూరు నుంచి కార్లలో వస్తారు, ఒక పూట చూస్తారు, మధ్యాహ్నానికి బేరం అయిపోతుంది. రేటు పెరిగేకొద్దీ నిన్న మాట ఇచ్చినోడు ఈరోజు మాట మారుస్తా ఉన్నాడు. ఆ దెబ్బ పడేది ఎవరికి? మూడు కంతుల్లో అడ్వాన్సు కట్టి, మిగతా డబ్బు కూడబెట్టుకుంటా ఉండే మనకు.

మా సంఘంలో ఒక అక్క ఉంది. ఆమె పేరు చెప్పము, ఆమె ఇక్కడే కూర్చోనుంది, ఇప్పటికే తల వంచేసింది. రెండు ఆవులు, మొగుడు బెంగళూరులో తాపీ పని, శనివారం రైలుకు వచ్చి సోమవారం తెల్లారి రైలుకు పోతాడు. రోడ్డు పక్కన ఐదు సెంట్ల జాగా 4,80,000 రూపాయలకు బేరం చేసుకున్నారు. 1,60,000 అడ్వాన్సు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు, ఆరు నెలల గడువు, ఇద్దరు సాక్షులు. అడ్వాన్సులో లక్ష ఆమె బ్యాంకు ఖాతా నుంచి పోయింది, అరవై వేలు చేతికిచ్చింది. ఆ అరవై వేలకు కూడా కాగితం వెనకాల రాయించి సంతకం తీసుకుంది. ఈ ఒక్క పని చేసినందుకే ఆమె తెలివికి దండం పెట్టాలి.

ఐదో నెలలో డబ్బు సిద్ధం చేసుకోని పోయింది. అమ్మినాయన, సర్వే కాలేదమ్మా అన్నాడు. ఆరో నెలలో, మా అన్న ఊర్లో లేడు అన్నాడు. ఎనిమిదో నెలలో అసలు మాట బయటికొచ్చింది. "ఏమక్కా, నీ లక్షా అరవై వేలు నీకిస్తా, రూపాయిన్నర వడ్డీ కూడా వేసిస్తా, ఎత్తుకోనిపో. నాకు వేరే పార్టీ వచ్చుండాది." ఆ వేరే పార్టీ ఇస్తానన్నది రెండింతలు.

ఆ రాత్రి ఆమె మా ఇంటికి వచ్చింది. తీసుకుందామనే అనుకుంది. కోర్టు అంటే మనకు తెలిసింది ఒకటే, ఎకరా కోసం పోతే రెండెకరాలు అమ్ముకోని వస్తారని. ఆమె మొగుడు కూడా, "వచ్చింది చాలు, తీసుకో" అన్నాడు. మేమూ ఏం చెప్పాలో తెలీక, రెండు రోజులు ఆగు అన్నాము, అంతే. ఆ రెండు రోజులు ఆగమన్నదే మంచిదయింది. డబ్బు వెనక్కి తీసుకోని సంతకం పెట్టి ఉంటే కథ అక్కడితో ముగిసిపోయేది.

మరుసటి దినం నలుగురం కుప్పం కోర్టు దగ్గరికి పోయినాము. మండల న్యాయ సేవాధికార కమిటీ అని ఉంటుంది. న్యాయ సేవల చట్టం 1987లో వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా లాయరును ఇవ్వాలి. దీనికి ఆదాయం లెక్క లేదు. తెల్లకార్డు ఉందా, ఎన్ని ఎకరాలు ఉంది అని అడగరు. ఆడమనిషి అయితే చాలు. తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. కోర్టు ఫీజు కూడా వాళ్ళే చూస్తారు. ఇది చిన్న సంగతి కాదు. ఇట్లాంటి దావాకు ఫీజు అగ్రిమెంటులో రాసిన మొత్తం ధర మీద లెక్క కడతారు, మనం ఇచ్చిన అడ్వాన్సు మీద కాదు. ఫోనులో అడగాలంటే 15100 నంబరు ఉంది. ఈ నంబరు మన గ్రామ సమాఖ్య ఆఫీసు గోడ మీద రాయించాలని పోయినేడే తీర్మానం చేసినాము, ఎన్ని ఊర్లలో రాయించినారో చేతులెత్తమంటే బాగుండదు, వదిలేద్దాం.

కమిటీ ఇచ్చిన లాయరమ్మ కాగితాలు చూసి, దీన్ని స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా అంటారు అని చెప్పింది. నోరు తిరగదు గానీ అర్థం సులువు. నష్టపరిహారం ఇప్పించండి అని అడగడం కాదు. "రాసిచ్చిన మాట ప్రకారం ఆ పనే చేయించండి, ఆ జాగానే నాకు రిజిస్టరు చేయించండి" అని అడగడం. దీనికి 1963లో చేసిన చట్టం ఉంది. ముందు కాలంలో అన్నీ సరిగ్గా ఉన్నా ఇవ్వాలా వద్దా అనేది జడ్జిగారి ఇష్టం మీద ఉండేది. 2018లో ఆ చట్టం మార్చినారు, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు షరతులన్నీ సరిపోతే కోర్టు ఇవ్వాల్సిందే. సమన్లు అందినప్పటి నుంచి పన్నెండు నెలల్లో దావా తేల్చాలని, కావాలంటే ఇంకో ఆరు నెలలు పెంచవచ్చని కూడా అందులో రాసినారు. రాసినంత తొందరగా జరగదు, అది కూడా చెప్పాలి కదా. మా అక్కకు మొదటి నోటీసు నుంచి చివరి దాకా మూడేళ్ళ ఐదు నెలలు పట్టింది.

షరతులన్నాము కదా, వాటిలో పెద్దది ఒకటి ఉంది. మేము ఈ మైకు ముందుకు వచ్చింది దాన్ని చెప్పడానికే. కొనేవాళ్ళు మిగతా డబ్బు ఇవ్వడానికి మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నామని, మనసు కూడా ఉందని రుజువు చేసుకోవాలి. కోర్టులో డబ్బు కట్ట తెచ్చి చూపించాల్సిన పని లేదు, జడ్జి కట్టమంటేనే కట్టాలి. కానీ ఆ రోజుకు డబ్బు వచ్చే దారి మనకు ఉందని చూపించాలి. అవతలి లాయరు అక్కడే పట్టుకున్నాడు. "రెండు ఆవులు పెట్టుకున్నామె 3,20,000 ఎక్కడ తెస్తుంది? ఇదంతా ఊరికే దావా" అన్నాడు.

అక్కడ పనికొచ్చింది ఏమో తెలుసా? మన తీర్మానం పుస్తకం.

ఆ అక్క అగ్రిమెంటు గడువు లోపలే సంఘంలో అప్పు అడిగింది. రెండో మీటింగులో మేము తీర్మానం రాసినాము. ఫలానా సభ్యురాలికి ఇంటిజాగా కొనుక్కోవడానికి బ్యాంకు లింకేజీలో వచ్చే దాంట్లో ఇంత ఇస్తామని, పదిమంది సంతకాలు, ఇద్దరు వేలిముద్రలు. ఆమె పాస్‌బుక్కులో పాలడబ్బు లక్షా చిల్లర ఉంది. మొగుడి మేస్త్రీ నుంచి వచ్చిన డబ్బు ఖాతాలో పడింది. అన్నీ కలిపితే మూడు లక్షలు దాటింది.

మా లీడర్లలో ఒకరిని సాక్షిగా పిలిచినారు. మేము పదో తరగతి దాకా చదివినాము, కోర్టు బోను సినిమాల్లో చూసిందే. కాళ్ళు వణికినాయి. అవతలి లాయరు పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఈ తీర్మానం నిన్న రాత్రి కూర్చోని రాసుకున్నది కదమ్మా?" అన్నాడు. మాకు కోపం వచ్చింది. కోపంతోనే ధైర్యం కూడా వచ్చింది. "సార్, దీని ముందు పేజీ చూడండి, వెనక పేజీ చూడండి. ముందు మీటింగుకు, వెనక మీటింగుకు నడుమ ఉంది. ఆ వెనక పేజీ మీద బ్యాంకు సీలు ఉంది, తేదీ ఉంది. నిన్న రాత్రి రాయాలంటే బ్యాంకు సీలు కూడా నిన్న రాత్రి వేసుండాల" అన్నాము. జడ్జిగారు పుస్తకం తీసుకోని చూసినారు, ఏమీ అనలేదు, మార్కు వేయించినారు.

అక్కలారా, మీటింగు అయిపోయాక తీరిగ్గా రాద్దామని నడుమ పేజీలు ఖాళీ వదులుతా ఉంటాం కదా. ఖాళీ పేజీ ఒక్కటి ఉన్నా ఆ రోజు మా పని అయిపోయేది.

తీర్పు మా అక్కకు వచ్చింది. మిగతా డబ్బు రెండు నెలల్లో కోర్టులో కట్టమన్నారు, అమ్మినాయన రిజిస్టరు చేయాలన్నారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. తీర్పు వచ్చిందని సంతోషంలో గడువు దాటిపోతే, అవతలివాళ్ళు ఆ అగ్రిమెంటునే రద్దు చేయమని అడగవచ్చు. అందుకే సంఘం అప్పు ఆ వారమే ఇచ్చినాము. డబ్బు కట్టేసినాము. అయినా ఆయన రిజిస్టరు ఆఫీసుకు రాలేదు. అప్పుడు అమలు పిటిషను వేసినారు. ఆయన రాకపోతే ఆయన తరఫున కోర్టే సంతకం పెట్టి రిజిస్టరు చేయిస్తుంది, అట్ల చట్టంలో ఉంది. ఆ మాట చెవిన పడినాక ఆయనే వచ్చి వేలిముద్ర వేసినాడు. ఆయన్ను మేము ఏమీ అనలేదు. అదే ఊర్లో ఉండాలి కదా, రేపు పెళ్ళికి పిలుస్తాడు, పోవాలి.

ఇంకో ఆమె సంగతి చెబుతాము, ఇది బాగా జరిగింది కాదు. పెద్దామె, మా పక్క సంఘం. రెండు లక్షలు తెల్లకాగితం మీద ఇచ్చింది. ఏడాది గడువు అని రాసుకున్నారు. అమ్మే ఆయన దూరపు చుట్టం, "చెల్లెలు లాంటిదానివి, నేను యాడికి పోతా" అన్నాడు. ఈమె నమ్మి నాలుగున్నరేళ్ళు ఊరికే ఉంది. ఒక్క నోటీసు ఇవ్వలేదు. అప్పటికి జాగా ఇంకొకరికి రిజిస్టరు అయిపోయి, ప్రహరీ గోడ కూడా లేచింది.

ఇట్లాంటి దావాకు గడువు మూడేళ్ళు. కాగితంలో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్ళు. తేదీ లేకపోతే, అవతలివాళ్ళు చేయనన్నారని మనకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ళు. ఆమెకు తేదీ ఉంది, మూడేళ్ళు దాటిపోయింది. పైగా, అగ్రిమెంటు సంగతి తెలీకుండా డబ్బిచ్చి కొనుక్కున్నోళ్ళ నుంచి జాగా వెనక్కి తీసుకోలేము. ఈమె కాగితం రిజిస్టరు కాలేదు కాబట్టి ఈసీలో ఎక్కడా కనిపించదు, కొన్నోళ్ళకు తెలిసే దారి లేదు. లోక్ అదాలత్‌లో కూర్చోపెట్టి మాట్లాడితే లక్షా పదివేలు వచ్చింది. మిగతాది పోయింది. కూతురి గొలుసు అమ్మి కట్టిన డబ్బు అది.

మూడేళ్ళు ఉంది కదా అని మూడో ఏడు చివర దాకా కూర్చోవడం కూడా మంచిది కాదని లాయరమ్మ చెప్పింది. మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ సుబ్బారావుగారు సుప్రీంకోర్టులో ఉన్నప్పుడు, గడువు లోపల వచ్చిన దావాను ఒట్టి ఆలస్యం అనే ఒక్క కారణంతో కొట్టేయకూడదని చెప్పినారట. అది 1965 నాటి పుస్తకాల్లో ఉంది. 1997లో అదే సుప్రీంకోర్టు తమిళనాడు నుంచి వచ్చిన కేసులో, రేట్లు పెరుగుతా ఉంటే రెండున్నరేళ్ళు నోరు మెదపకుండా కూర్చున్నోళ్ళకు ఇవ్వలేదు. రెండూ నిజమే. కాబట్టి మాట మారిన వారమే రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాలి. ఆ రసీదు, తిరిగి వచ్చిన కార్డు దాచిపెట్టాలి. వాట్సాప్‌లో "రేపు రా అక్కా, ఎల్లుండి రా అక్కా" అని ఆయన పంపినవి తుడిచేయకండి.

ఎంత కాలం పడుతుందో చెప్పమంటే, పెద్దోళ్ళ సంగతి వినండి. హైదరాబాదు పక్కన రంగారెడ్డి జిల్లాలో భూమికి 1997లో అగ్రిమెంట్లు రాసుకున్నారు. దావా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022లో కొన్నవాళ్ళకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. 2024 నవంబరులో అదే కోర్టు ఆ తీర్పును మళ్ళీ పరిశీలించి వెనక్కి తీసుకుంది. ఇరవై ఏడేళ్ళు. వాళ్ళకు పెద్ద లాయర్లు, పెద్ద భూమి. ఐదు సెంట్లకు మనం అంత దూరం పోలేము. అందుకే ముందు లోక్ అదాలత్‌లో అడిగి చూడడం తప్పు కాదు. దావా వేయకముందే అక్కడ అర్జీ పెట్టవచ్చు. ఒప్పుకుంటే అదే కోర్టు డిక్రీ లెక్క, దాని మీద అప్పీలు లేదు. దావా వేసినాక రాజీ అయితే కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కానీ రాజీ పేరు చెప్పి మీ మూడేళ్ళు తినేస్తా ఉంటే గమనించుకోండి. దావా వేసినాక మాట్లాడుకున్నా రాజీ రాజీయే.

అడ్వాన్సు ఇవ్వకముందు చూడాల్సినవి మీకు తెలిసినవే. ఈసీ తీయించాలి, 1-బి, అడంగల్ చూడాలి, 22-ఏ నిషేధ జాబితాలో ఉందేమో రిజిస్టరు ఆఫీసులో అడగాలి. మన వైపు డీకేటీ పట్టాలు ఎక్కువ. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అమ్మకూడదని 1977 చట్టం. 2023లో కొన్ని మార్పులు చేసినారు, ఇరవై ఏళ్ళు దాటిన వాటికి. అయినా రెవెన్యూ ఆఫీసులో కాగితం మీద తెలుసుకోకుండా పైసా ఇవ్వకండి. అమ్మకూడని భూమికి కోర్టు అగ్రిమెంటు అమలు చేయించదు. ఉమ్మడి ఆస్తి అయితే ఇంటి ఆడబిడ్డల సంతకం కూడా ఉండాలి. 2005 చట్టం తరువాత కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు. పుట్టింటి ఆస్తిలో మాకూ భాగం ఉందని మనం అంటాం కదా, కొనేటప్పుడు మాత్రం అమ్మేవాళ్ళ చెల్లెలిని అడగడం మరచిపోతాం.

అగ్రిమెంటును రిజిస్టరు చేయించుకుంటే అన్నిటికన్నా మేలు. చేయించుకోలేదని భయపడి ఇంట్లో కూర్చోకండి, ఇట్లాంటి దావాలో రిజిస్టరు కాని అగ్రిమెంటును కూడా సాక్ష్యంగా చూస్తారు. జాగా అప్పుడే స్వాధీనం చేసినట్టు కాగితంలో రాస్తే మాత్రం అమ్మకం కాగితానికి ఎంత స్టాంపు డ్యూటీనో దీనికీ అంత. కట్టకపోతే కోర్టు కాగితాన్ని పట్టి పెడుతుంది, తక్కువపడిన దానికి పదింతల దాకా జరిమానా. రాసేవాళ్ళు అలవాటు కొద్దీ "స్వాధీనం చేయడమైనది" అని రాసేస్తారు. చదివించుకోండి. దావాలో కూడా రిజిస్ట్రేషను, స్వాధీనం, అదీ కాకపోతే అడ్వాన్సు వడ్డీతో వాపసు, మూడూ అడగమని లాయరుతో చెప్పండి. అడగని దాన్ని కోర్టు ఇవ్వదు.

ఇంతవరకూ కొనేవాళ్ళ వైపు మాట్లాడినాము. ఇప్పుడు ఇంకో వైపు. ఇదే అగ్రిమెంటు కత్తి మన మెడ మీదికి కూడా వస్తుంది.

మా ఊర్లో భర్త లేని చెల్లెలు ఒకామె, అర ఎకరా మల్బరీ తోట ఉంది. కూతురి కాన్పు ఆపరేషనుకు రాత్రికి రాత్రి అరవై వేలు కావాల్సి వచ్చింది. సంఘంలో అడగడానికి సిగ్గుపడింది, పాత అప్పు కంతు ఒకటి తప్పిందని. ఊర్లో వడ్డీకిచ్చే ఆయన దగ్గరికి పోయింది. ఆయన ప్రోనోటు రాయించుకోలేదు. అమ్మకం అగ్రిమెంటు రాయించుకున్నాడు. భూమి మూడు లక్షలకు అమ్ముతున్నట్టు, రెండున్నర లక్షలు ముట్టినట్టు. "ఊరికే నమ్మకానికమ్మా, అప్పు తీరినాక చించేస్తా" అన్నాడు. సాక్షులు ఇద్దరూ ఆయన మనుషులే. నెలనెలా వడ్డీ కడతా వచ్చింది. ఇరవై నెలలు కట్టింది. తరువాత తోట పక్కన రోడ్డు పడుతుందని మాట పుట్టింది. ఆ నెలే నోటీసు వచ్చింది, భూమి రిజిస్టరు చేయమని. ఆ తరువాత కోర్టు సమన్లు.

ఆమె ఆ సమన్లను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేసింది. కోర్టు కాగితాన్ని చూడకుంటే అది పోతుందని. ఎన్ని ఇండ్లలో ఇట్ల జరుగుతా ఉందో! పోకపోతే అవతలివాళ్ళు చెప్పిందే విని తీర్పు ఇచ్చేస్తారు. జవాబు వేయడానికి ముప్పై రోజులు, కారణం చూపిస్తే తొంభై రోజుల దాకా. మాకు తెలిసేసరికి ఇరవై ఆరు రోజులు అయిపోయింది. అదే రోజు కమిటీకి అర్జీ రాసిచ్చినాము. దావా వేసినోళ్ళకే కాదు, దావాలో ఇరుక్కున్న ఆడవాళ్ళకు కూడా ఉచిత లాయరు వస్తుంది.

కాగితం మీద సంతకం ఆమెదే, కాదనలేము. కానీ అది నిజంగా అమ్మకం కాదు, అప్పుకు పూచీగా రాసిచ్చింది అని చూపించడానికి చట్టం అడ్డు లేదని లాయరు చెప్పినారు. చూపించేది దేంతో? ఆమె చదువుకోలేదు, వడ్డీ కట్టినందుకు రసీదులు లేవు. దేవుడు మేలు చేసినాడు, పట్టుగూళ్ళ డబ్బు ఖాతాలో పడేది కాబట్టి వడ్డీని ఆమె కొడుకు ఫోన్‌పేలో పంపేవాడు. నెలకు పద్దెనిమిది వందలు, ఇరవై నెలలు, అదే మొత్తం, అదే తేదీల చుట్టూ. భూమి అమ్మినామె, కొనేవాడికి నెలనెలా పద్దెనిమిది వందలు ఎందుకు పంపుతుంది? బ్యాంకులో స్టేట్‌మెంటు తీయించి, సీలు వేయించి కోర్టులో పెట్టినాము. రెండున్నర లక్షలు ముట్టిందని కాగితం చెబుతుంది, ఆమె ఖాతాలో ఆ నెల పడింది అరవై వేలే.

కేసు ఇంకా నడుస్తా ఉంది. ఏమవుతుందో మేము చెప్పలేము. తోటలో ఆకు ఆమే కోస్తా ఉంది, ఆ మధ్య ఒక పంట గూళ్ళు కూడా తీసింది.

వచ్చే మంగళవారం వాయిదా. ఆమెను బోను ఎక్కించి అవతలి లాయరు ప్రశ్నలు అడిగే రోజు. నలుగురం తోడు పోతాము, పొద్దున ఎనిమిది గంటల బస్సుకు. ఆమె ఆవుకు మధ్యాహ్నం నీళ్ళు పెట్టేది ఎవరో ఇంకా తేలలేదు. వాళ్ళ వీధి సభ్యురాళ్ళు ఎవరైనా ఉంటే, భోజనాలప్పుడు మమ్మల్ని కలవండి.